హెల్త్ ఎమర్జెన్సీకి బోర్డర్ అవతల ఎవరితో చేయి కలపాలి: వైజాగ్ వాళ్ళకి ఆరు దారుల పోలిక

గత ఏడాదిలో ఇదే ప్రశ్న నన్ను నలుగురు నాలుగు రకాలుగా అడిగారు. మెడికల్ కాలేజీలో పాఠం చెప్పే మేడం "విదేశీ యూనివర్సిటీతో ఎంఓయూ (అవగాహన ఒప్పందం) పెట్టుకుందామా, లేక ముందు పక్క రాష్ట్రం వాళ్ళతో మొదలుపెడదామా" అన్నారు. మెడ్‌టెక్ జోన్‌లో టెస్ట్ కిట్లు చేసే కుర్రాడు "పక్క దేశాలకి సప్లై ఒప్పందం ఇప్పుడే రాసుకుంటే రేపు జబ్బు వచ్చినప్పుడు పనికొస్తదా" అన్నాడు. పాడేరు వైపు పనిచేసే స్వచ్ఛంద సంస్థ వాళ్ళేమో ఒడిశా వైపు సంతల్లో జ్వరాలు వస్తే మాకు చెప్పేవాళ్ళెవరూ లేరని బాధపడ్డారు. ఇక ఓడల్లో పనిచేసే మా శ్రీకాకుళం తమ్ముడు సూటిగా "అన్నా, మళ్ళీ అన్నీ మూసేస్తే ఈసారి నన్ను ఒడ్డుకి దింపేది ఎవరు" అన్నాడు.

నలుగురికీ ఒకటే జవాబు లేదు, అందుకే ఇది రాస్తున్నా. ఎవరికి ఏది సరిపోతదో, ఏది ఎక్కడ తెగిపోద్దో పక్కపక్కన పెట్టి చూద్దాం.

## మన బోర్డర్లు ఎక్కడున్నాయి

క్రాస్-బోర్డర్ అనగానే జెనీవా మీటింగులు గుర్తొస్తాయి గానీ వైజాగ్ లో కూర్చుని చూస్తే మనకి మూడు బోర్డర్లు కనిపిస్తాయి. ఒకటి పోర్టు, ఎయిర్‌పోర్టు, అంటే ఏ దేశం నుంచి వచ్చిన ఓడైనా మన గుమ్మంలోకి వచ్చే చోటు. రెండోది బంగాళాఖాతం, దాని చుట్టూ బంగ్లాదేశ్, మయన్మార్, థాయ్‌లాండ్, శ్రీలంక. మూడోది చాలామంది లెక్కలోకే తీసుకోనిది, కొండ మీద ఉన్న ఒడిశా, ఛత్తీస్‌గఢ్ బోర్డర్. కిరండూల్ ప్యాసింజర్ ఎక్కితే అరకు, కోరాపుట్, జైపూర్, జగదల్‌పూర్ దాటి దంతెవాడ దాకా వెళ్ళిపోతాం, అదే బండిలో అటు నుంచి రోగులు మన కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) కి వస్తారు. ఓపీ దగ్గర ఒడియాలో రాసిన చీటీ పట్టుకుని ఏ కౌంటర్ కి వెళ్ళాలో తెలియక నిలబడ్డవాళ్ళని చూడని వారం ఉండదు.

ఇంకో సంగతి, ఏ బోర్డర్ మీద ఎవరికి అధికారం ఉందో మన రాజ్యాంగంలోనే విడగొట్టేశారు. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలో 6వ అంశం. పోర్టు క్వారంటైన్ కేంద్ర జాబితాలో 28వది. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అంటురోగం పాకకుండా చూడటం ఉమ్మడి జాబితాలో 29వది. విదేశాలతో ఒప్పందాలు పూర్తిగా కేంద్రానివే. ఇది తెలియక కొంతమంది ఏకంగా ఇంకో దేశపు ఆరోగ్య శాఖకి లెటర్ రాసేసి ఆరు నెలలు జవాబు కోసం కూర్చుంటారు.

## ఏ కొలతలతో చూడాలి

నా దృష్టిలో ఐదు కొలతలున్నాయి, అన్నీ ఒకే బరువు కాదు.

మొదటిది, అన్నిటికంటే పెద్దది, తొలి 72 గంటల్లో కబురు వస్తదా లేదా. 2013 డిసెంబర్‌లో గినియా అడవి పల్లె మెలియాండులో ఎబోలా మొదలైంది. ఆ గెకెడు ప్రాంతం గినియా, లైబీరియా, సియెర్రా లియోన్ మూడూ కలిసే మూల, మూడు వైపులా ఉండేది ఒకే కిస్సీ భాష మాట్లాడే జనం, పెళ్ళికీ చావుకీ సంతకీ అటూ ఇటూ నడిచి వెళ్ళిపోతారు, జబ్బు కూడా వాళ్ళతోనే నడిచింది. అది ఎబోలా అని తేలేసరికి 2014 మార్చి వచ్చేసింది. చివరికి 28,600 మందికి పైగా సోకి 11,300 మందికి పైగా చనిపోయారు. మనుషులకి లేని సరిహద్దు ఆరోగ్య శాఖల కాగితాలకి ఉంది, నష్టం అక్కడే జరిగింది.

రెండోది అధికారం. సంతకం పెట్టే మనిషికి ఆ సంతకం పెట్టే హక్కు ఉందా అని.

మూడోది ఇచ్చిపుచ్చుకోవడం. సమాచారం ఇచ్చినవాడికి తిరిగి ఏం వస్తది? ఇండోనేషియా 2007 ప్రాంతంలో బర్డ్ ఫ్లూ వైరస్ శాంపిల్స్ పంపడం ఆపేసింది, మా శాంపిల్స్ తో మీరు వ్యాక్సిన్ చేసుకుని మాకే అమ్మితే ఎలా అని అడిగింది, న్యాయమైన ప్రశ్నే. దాని మీద నాలుగేళ్ళు చర్చలు నడిచి 2011లో ఫ్లూ శాంపిల్స్ పంపకానికి డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) దగ్గర ఒక పద్ధతి వచ్చింది. 2021 నవంబర్‌లో ఓమిక్రాన్ సంగతి దక్షిణాఫ్రికా నిజాయితీగా ముందే చెప్తే బహుమతిగా విమానాలు ఆపేశారు. ముందు చెప్పినవాడికి దెబ్బ తగిలితే రెండోసారి ఎవడు చెప్తాడు? ఏ ఒప్పందంలోనైనా ఈ ముక్క ఉందో లేదో వెతకండి.

నాలుగోది డ్రిల్, అంటే ఉత్తుత్తి ఎమర్జెన్సీ పెట్టి నిజంగా చేసి చూశారా. ఐదోది, మనిషి బదిలీ అయినా, ప్రభుత్వం మారినా ఆ సంబంధం నిలబడతదా.

డబ్బుని నేను కావాలనే ఆరో కొలతగా పెట్టలేదు. ఇందులో చాలా పనులకి డబ్బు కంటే ముందు మనిషి కావాలి.

## ఒక్క చూపులో

| దారి | కబురు వేగం | ఎవరి సంతకం | ఎవరికి నప్పుతది | ఎక్కడ తెగుతది |
|---|---|---|---|---|
| ఐహెచ్ఆర్ (అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు), డబ్ల్యూహెచ్ఓ దారి | కాగితం మీద 24 గంటలు | కేంద్రం | పోర్టు, ఎయిర్‌పోర్టు, షిప్పింగ్ వాళ్ళు | కింది నుంచి పైకి వెళ్ళే మెట్ల దగ్గర |
| పక్క జిల్లాలు: ఒడిశా, ఛత్తీస్‌గఢ్ | అదే రోజు | కలెక్టర్, జిల్లా వైద్యాధికారి | ఏజెన్సీ పీహెచ్‌సీలు, స్వచ్ఛంద సంస్థలు | బదిలీల దగ్గర |
| బిమ్స్‌టెక్ (బంగాళాఖాతం దేశాల కూటమి) | నెమ్మది | కేంద్రం | పాలసీ, శిక్షణ, విపత్తు డ్రిల్ | రాజకీయం చెడినప్పుడు |
| రెండు దేశాల ఒప్పందం, నేవీ | పైస్థాయి పిలుపు ఉంటే చాలా ఫాస్ట్ | కేంద్రం, రక్షణ శాఖ | సామాన్లు, మనుషుల తరలింపు | మామూలు రోజుల్లో అందుబాటులో ఉండదు |
| కాలేజీకి కాలేజీ, ల్యాబ్‌కి ల్యాబ్ | మనుషుల స్నేహాన్ని బట్టి | సంస్థ, పైన అనుమతులు | మెడికల్ కాలేజీలు, రీసెర్చ్ | ఫ్యాకల్టీ వెళ్ళిపోతే |
| సప్లై ఒప్పందం | కబురు కాదు, సరుకు | కంపెనీ, కొనేవాళ్ళు | కిట్లు, పరికరాల తయారీదారులు | ఎగుమతి నిషేధం దగ్గర |

## ఐహెచ్ఆర్ దారి

దీన్ని ఎంచుకోవడం అంటూ ఏమీ లేదు, మనం ఇందులో ఉన్నాం. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు 2005లో ఆమోదం పొంది 2007 జూన్ 15 నుంచి అమల్లోకొచ్చాయి, 196 దేశాలకి వర్తిస్తాయి. అంతర్జాతీయంగా ఆందోళన కలిగించే సంఘటన అని అంచనా వేసిన 24 గంటల్లో డబ్ల్యూహెచ్ఓకి చెప్పాలి. మన దేశం తరఫున ఆ పని చేసే ఫోకల్ పాయింట్ ఢిల్లీలోని ఎన్‌సీడీసీ (జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం). వీటికి 2024లో చేసిన సవరణలు 2025 సెప్టెంబర్ 19న అమల్లోకొచ్చాయి, అందులో "పాండమిక్ ఎమర్జెన్సీ" అనే పెద్ద స్థాయి అలారం కొత్తగా చేరింది.

వైజాగ్ లో ఇది కంటికి కనిపించే రూపం పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్. ఓడ రేవులోకి రావాలంటే క్యాప్టెన్ ఆరోగ్య డిక్లరేషన్ ఇవ్వాలి, ఓడ శానిటేషన్ సర్టిఫికెట్ మామూలుగా ఆరు నెలలే చెల్లుతది, ఎల్లో ఫీవర్ దేశాలకి వెళ్ళేవాళ్ళకి టీకా వేసేది కూడా వీళ్ళే (ఆ సర్టిఫికెట్ టీకా వేసిన పదో రోజు నుంచి మొదలై జీవితాంతం చెల్లుతది, పాత పదేళ్ళ గడువు 2016లోనే తీసేశారు, ఇప్పటికీ కొందరు ఏజెంట్లు మళ్ళీ వేయించుకోమంటున్నారు, వినకండి). షిప్పింగ్ ఏజెన్సీ, ఓడలకి సిబ్బందిని పంపే మ్యానింగ్ ఆఫీసు, సీమెన్ సంఘం నడిపేవాళ్ళయితే మీ మొదటి పార్ట్‌నర్ వీళ్ళే. వేరే ఎవరి దగ్గరికి వెళ్ళినా తిప్పి ఇక్కడికే పంపుతారు.

ఈ దారి బలం దాని చట్టం. ఈ నిబంధనలు వైరస్ కే కాదు, రసాయనాలకి కూడా వర్తిస్తాయని చాలామందికి తెలియదు. 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు దాన్ని అదుపు చేసే పీటీబీసీ రసాయనం 500 కిలోలు గుజరాత్ లోని వాపి నుంచి విమానంలో రావాల్సొచ్చింది. ఆ రాత్రి నిద్రలేకుండా వీధుల్లో నిలబడ్డవాళ్ళకి తెలుసు ఆ గంటలు ఎలా గడిచాయో. ఏ రసాయనానికి విరుగుడు ఎవరి దగ్గరుందో, ఏ రాష్ట్రంలో ఉందో ముందే రాసిపెట్టుకోవడం కూడా సరిహద్దు దాటిన పార్ట్‌నర్‌షిప్పే.

బలహీనత ఏంటంటే మెట్లు. సబ్ సెంటర్ నుంచి పీహెచ్‌సీ, అక్కడి నుంచి జిల్లా, రాష్ట్రం, ఢిల్లీ, ఆపైన జెనీవాలోని డబ్ల్యూహెచ్ఓ. 24 గంటల గడియారం మొదలయ్యేది పైవాళ్ళు అంచనా వేశాక, కింద జ్వరం మొదలైనప్పుడు కాదు.

## పక్కింటి దారి

నన్నడిగితే వైజాగ్, అల్లూరి జిల్లా, పార్వతీపురం మన్యం వాళ్ళు మొదట పెట్టాల్సిన మనసు దీనిమీదే.

ప్రపంచంలో దీనికి మంచి నమూనా మెకాంగ్ నదీ ప్రాంతంలో ఉంది. కంబోడియా, లావోస్, మయన్మార్, థాయ్‌లాండ్, వియత్నాం, చైనాలోని యునాన్, గ్వాంగ్షీ కలిసి 1999లో మొదలుపెట్టి 2001లో ఎంఓయూ రాసుకున్నాయి. గొప్పదనం ఆ కాగితంలో లేదు. నదికి ఇటు జిల్లా ఆరోగ్య అధికారి, అటు జిల్లా ఆరోగ్య అధికారి నేరుగా మాట్లాడుకునేలా బోర్డర్ జంటలు కట్టారు, రాజధానుల దాకా వెళ్ళి తిరిగి రావాల్సిన పని తగ్గింది. అలాగే 2019 జూన్‌లో కాంగో నుంచి ఎబోలా సోకిన కుటుంబం ఉగాండాలోని కసేసేకి దాటితే అక్కడ జబ్బు వెంటనే పట్టుబడింది. బోర్డర్ వెంట దాదాపు 4,700 మంది ఆరోగ్య సిబ్బందికి అంతకుముందే టీకా వేసి పెట్టారు, రెండు దేశాల ఆఫీసర్లు మాట్లాడుకుంటున్నారు. గెకెడులో జరిగినదానికి, కసేసేలో జరిగినదానికి తేడా ఇదే.

మన దగ్గర పరిస్థితి చూడండి. మాచ్‌ఖండ్ లో కరెంటు కోసం ఆంధ్రా, ఒడిశా 1950ల నుంచి కలిసి ప్రాజెక్టు నడుపుతున్నాయి, ఆ నీటి ఒడ్డున జ్వరం వస్తే మాత్రం ఎవరి రిజిస్టర్ వాళ్ళదే. సాలూరు వైపు కొటియా 21 గ్రామాలు మావంటే మావని రెండు రాష్ట్రాలూ కోర్టుకెళ్ళాయి, అక్కడ మనుషులకి రెండేసి కార్డులున్నాయి, ఒక బిడ్డ టీకా ఏ రాష్ట్రం లెక్కలో పడిందో అడిగితే తల్లి రెండు కాగితాలు తీస్తది. మలేరియా, ఆంత్రాక్స్ రెండు వైపులా ఉన్నాయి. 2016లో మల్కనగిరిలో మెదడువాపు లక్షణాలతో వంద మందికి పైగా పిల్లలు చనిపోయారు, అందులో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ వాటా ఎంత, కసింద గింజల విషం వాటా ఎంత అని పెద్ద చర్చ నడిచింది. ఆ మొక్క మన ఏజెన్సీలోనూ గట్ల మీద మొలుస్తది, కాబట్టి అక్కడ డాక్టర్లు నేర్చుకున్నది ఇక్కడ పీహెచ్‌సీ గోడ మీద ఉండాలి.

ముంచంగిపుట్టు మండలంలో ఒక సబ్ సెంటర్ కి వెళ్ళినప్పుడు అక్కడి ఏఎన్ఎం తన ఫోన్ తీసి ఒక నంబర్ చూపించింది, "ఒడియా సిస్టర్" అని సేవ్ చేసుకుంది. సంత రోజు ముందు సాయంత్రం ఇద్దరూ మాట్లాడుకుంటారట, మీ వైపు ఏ ఊళ్ళో జ్వరాలు, మా వైపు ఏ ఊళ్ళో విరేచనాలు అని. ఆదివాసీ ఒడియా, తెలుగు కలిపి నా ముందే మాట్లాడింది, రెండో రింగుకే అవతల ఎత్తారు. రెండు నిమిషాల మాట. ఆ రెండు నిమిషాల్లో ఆమెకి తెలిసిన సంగతి, ఒక ఊళ్ళో ఆరుగురు పిల్లలకి వాంతులవుతున్నాయని, జిల్లా ఆఫీసుకి ఇంకా తెలియదు. దాన్ని ఏ ఆర్డరూ పుట్టించలేదు, ఇద్దరు ఆడవాళ్ళు తమ పని సాగడానికి కట్టుకున్నారు.

ఇందులో ఇబ్బంది కూడా అక్కడే ఉంది. ఇద్దరిలో ఎవరికి బదిలీ వచ్చినా ఆ తీగ తెగిపోద్ది. రాష్ట్రానికో సాఫ్ట్‌వేర్ అలవాటు, రిపోర్టు భాష వేరు, పైగా "పై నుంచి ఆర్డర్ లేకుండా పక్క రాష్ట్రానికి సమాచారం ఎందుకిచ్చావ్" అని అడిగే ఆఫీసర్ ఒకరుంటే చాలు అందరూ నోరు మూసుకుంటారు. అందుకే ఈ దారికి కలెక్టర్ల స్థాయిలో ఒక పేజీ ఉత్తరమైనా కావాలి, కింద సిబ్బందికి రక్షణగా.

## బిమ్స్‌టెక్ దారి

బంగాళాఖాతం చుట్టూ ఉన్నవాళ్ళతో కలవాలంటే సహజంగా వచ్చే పేరు ఇదే. 1997లో పుట్టింది, ఇప్పుడు బంగ్లాదేశ్, భూటాన్, ఇండియా, మయన్మార్, నేపాల్, శ్రీలంక, థాయ్‌లాండ్ ఏడు దేశాలు, సెక్రటేరియట్ ఢాకాలో. చార్టర్ అమల్లోకొచ్చింది 2024 మే 20న, అంటే పుట్టిన 27 ఏళ్ళకి. వేగం ఎంతో మీకే అర్థమవుతది. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ తో పోలిస్తే ఇది నయమే, సార్క్ శిఖరాగ్ర సమావేశం 2014 ఖాట్మండు తర్వాత మళ్ళీ జరగలేదు, 2020 మార్చి 15న కోవిడ్ కోసం అందరూ వీడియోలో కలిసి ఇండియా కోటి డాలర్లతో ఫండ్ మొదలుపెట్టినా ఆ కదలిక నిలబడలేదు.

బిమ్స్‌టెక్ నుంచి నిజంగా తీసుకోదగ్గది డ్రిల్స్. 2020 ఫిబ్రవరిలో పూరీలో విపత్తు డ్రిల్ జరిగింది, 2021 డిసెంబర్‌లో పుణెలో పానెక్స్-21 జరిగింది, దాని థీమ్ ఏంటంటే పాండమిక్ నడుస్తుండగా ప్రకృతి విపత్తు వస్తే ఏం చేయాలి అని. హుద్‌హుద్ చూసిన ఊరికి ఈ ప్రశ్న ఎంత దగ్గరో చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న వచ్చిన ఆ తుపాను 2020లో వచ్చి ఉంటే షెల్టర్లలో జనాన్ని ఎలా కూర్చోబెట్టేవాళ్ళం?

ఒకే జబ్బు మీద గురిపెడితే పొరుగు దేశాలు బాగా కలుస్తాయి, ఇది నేను నమ్మే మాట. కాలా అజార్ (ఇసుక ఈగ కుట్టి వచ్చే జ్వరం) మీద ఇండియా, నేపాల్, బంగ్లాదేశ్ 2005లో ఎంఓయూ చేసుకున్నాయి, 2023లో బంగ్లాదేశ్ దాన్ని ప్రజారోగ్య సమస్యగా తుడిచేసిన మొదటి దేశంగా డబ్ల్యూహెచ్ఓ గుర్తింపు తెచ్చుకుంది. "అన్ని ఎమర్జెన్సీలకీ సహకారం" అని రాసుకున్న కాగితాల కంటే ఒక్క జబ్బు పేరు రాసుకున్న కాగితం ఎక్కువ పని చేసింది.

మీరు చిన్న సంస్థ అయితే మాత్రం బిమ్స్‌టెక్ మీద మీ ఏడాది ఖర్చుపెట్టకండి. శిక్షణలకి, డ్రిల్స్ కి ఆహ్వానం వస్తే తప్పకుండా వెళ్ళండి, అక్కడ కలిసిన మనుషుల నంబర్లు తెచ్చుకోండి.

## రెండు దేశాల ఒప్పందం, నేవీ

ఇది మన ఊరి వాళ్ళ కళ్ళ ముందు జరిగింది కాబట్టి ఎక్కువ చెప్పను. 2021 మే 10న ఐఎన్ఎస్ ఐరావత్ సింగపూర్ నుంచి ఎనిమిది క్రయోజెనిక్ ఆక్సిజన్ ట్యాంకులు, దాదాపు 3,900 సిలిండర్లతో వైజాగ్ చేరింది. అంతకు పద్దెనిమిది రోజుల ముందు, ఏప్రిల్ 22న, మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మన స్టీల్ ప్లాంట్ నుంచే ఏడు ట్యాంకర్లతో మహారాష్ట్రకి బయల్దేరింది. ఇచ్చిన చేత్తోనే పుచ్చుకున్నాం. 2020లో కోవిడ్ వల్ల చిక్కుకున్నవాళ్ళని తెచ్చే సముద్ర సేతు ఆపరేషన్ లో నేవీ ఓడలు మాల్దీవులు, శ్రీలంక, ఇరాన్ నుంచి 3,992 మందిని తీసుకొచ్చాయి, అందులో వైజాగ్ లో ఉండే జలాశ్వ కూడా ఉంది. 2019 నుంచి అమెరికాతో జరుగుతున్న టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు వైజాగ్, కాకినాడ తీరంలో విపత్తు సాయం మీదే.

2018లో కేరళలో నిపా వచ్చినప్పుడు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుంచి యాంటీబాడీ డోసులు తెప్పించారు, అది కూడా రెండు ప్రభుత్వాలు మాట్లాడుకుంటేనే అంత త్వరగా అయింది.

వేగంలో దీన్ని మించింది లేదు. కానీ మన చేతిలో ఉండేది కాదు, పై నుంచి పిలుపు రావాలి. మన పని రేవులో సరుకు దిగాక దాన్ని ఆసుపత్రి మంచం దాకా చేర్చే ఏర్పాటు: ఆ సిలిండర్ వాల్వ్ మన రెగ్యులేటర్ కి సరిపోతదా, కస్టమ్స్ కాగితం ఎవరు చూస్తారు, లారీ ఎవరిది. బయటి దేశం సిలిండర్ ఫిట్టింగ్ వేరుగా ఉంటే అడాప్టర్ కోసం వెతుకుతూ పోయే గంటలు మళ్ళీ రావు.

## కాలేజీకి కాలేజీ, ల్యాబ్‌కి ల్యాబ్

మనవాళ్ళకి బాగా ఇష్టమైన దారి, ఎక్కువ జాగ్రత్త కావాల్సిన దారి కూడా. ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923 నుంచి ఉంది, అక్కడ చదివినవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు, వాళ్ళలో ఒక్కో మనిషి ఒక్కో తలుపు. జీనోమ్ సీక్వెన్సింగ్ నేర్చుకోవడం, పీజీ స్టూడెంట్ ని మూడు నెలలు పంపించి ఔట్‌బ్రేక్ ఇన్వెస్టిగేషన్ చూపించడం, శాంపిల్ రిజల్ట్ మీద అనుమానం ఉంటే ఇంకో కంటికి చూపించడం, వీటికి ఈ దారి చాలా మంచిది.

నేను ఒకసారి పనిచేసిన చోట విదేశీ యూనివర్సిటీ ఒకదానితో ఐదేళ్ళ ఎంఓయూ చేశాం, శాలువాలు, ఫోటోలు, ఫ్లెక్సీ అన్నీ అయ్యాయి. 2021 ఏప్రిల్‌లో నిజంగా అవసరం పడి మెయిల్ పెడితే పంతొమ్మిది రోజులకి జవాబొచ్చింది, మీరు రాసిన ప్రొఫెసర్ ఇక్కడ మానేశారు అని. తప్పు వాళ్ళదే అనను, మేం కూడా మధ్యలో రెండేళ్ళు ఒక్క ఫోన్ చేయలేదు. ఆ పంతొమ్మిది రోజులు మా ల్యాబ్ టెక్నీషియన్ ప్రతి పొద్దునా ఇన్‌బాక్స్ చూసేది, అది నేను మర్చిపోలేను.

అనుమతుల సంగతి ముందే చూసుకోండి. విదేశీ భాగస్వామ్యంతో హెల్త్ రీసెర్చ్ అంటే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దగ్గరుండే స్క్రీనింగ్ కమిటీ ఆమోదం కావాలి, విదేశీ డబ్బు స్వచ్ఛంద సంస్థకి రావాలంటే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి, శాంపిల్స్ దేశం దాటాలంటే మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ ఒప్పందం కావాలి. జబ్బు వచ్చాక ఇవన్నీ మొదలుపెడితే జబ్బు పోయాక పూర్తవుతాయి. శాంపిల్ మనదైనప్పుడు పేపర్ లో పేరు, డేటా మీద హక్కు, దాంతో తయారైన టెస్టు ధర, ఈ మూడూ ముందే రాయించుకోండి. 2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన పాండమిక్ ఒప్పందంలో కూడా శాంపిల్స్, వాటి వల్ల వచ్చే లాభాల పంపకం అనే భాగాన్నే తర్వాత తేల్చుకుందామని పక్కన పెట్టారు. అంత పెద్దవాళ్ళే అక్కడ ఆగారంటే మనం కళ్ళు మూసుకుని సంతకం పెట్టకూడదు.

## సప్లై ఒప్పందం

మెడ్‌టెక్ జోన్ కుర్రాడి ప్రశ్న ఇదే. 270 ఎకరాల్లో టెస్టింగ్ ల్యాబులు, తయారీ ఒకేచోట ఉన్నాయి, 2018 డిసెంబర్‌లో డబ్ల్యూహెచ్ఓ మెడికల్ డివైజెస్ గ్లోబల్ ఫోరం అక్కడే జరిగింది. పొరుగు దేశాలకి వైజాగ్ నుంచి కిట్లు, కాన్సంట్రేటర్లు పంపడం పూర్తిగా సాధ్యమే.

కానీ 2021 గుర్తుపెట్టుకోండి. జనవరి 20న విదేశాలకి టీకాలు పంపే వ్యాక్సిన్ మైత్రి మొదలై భూటాన్, మాల్దీవులకి టీకాలు వెళ్ళాయి, దేశమంతా గర్వపడింది, ఏప్రిల్ వచ్చేసరికి సెకండ్ వేవ్ లో మన జనానికే చాలక ఎగుమతులు దాదాపు ఆగిపోయాయి, కోవాక్స్ (దేశాలకి టీకాలు పంచే అంతర్జాతీయ ఏర్పాటు) మీద ఆధారపడ్డ పేద దేశాలు ఎదురుచూస్తూ ఉండిపోయాయి. మళ్ళీ మొదలైంది అక్టోబర్‌లో. అవసరం ఒకేసారి అందరికీ వచ్చినప్పుడు ఏ ప్రభుత్వమైనా ముందు తన జనాన్నే చూసుకుంటది, ఆ పరిస్థితిలో ఏం చేస్తారో కాగితంలో ముందే ఉండాలి. ఫలానా శాతం స్టాక్ కొనుగోలుదారు దేశంలోనే గోదాములో ఉంటదని, లేదా ఎమర్జెన్సీలో అక్కడే అసెంబుల్ చేసుకునే లైసెన్సు ఇస్తామని. రెండోది మీ లాభాన్ని తగ్గిస్తది, నిజమే. కానీ అవతలివాళ్ళు మిమ్మల్ని నమ్మేది దానివల్లే.

## మీరెవరైతే ఏది

ఓడల్లో పనిచేసేవాళ్ళు, వాళ్ళ సంఘాలు: ఐహెచ్ఆర్ దారి, పోర్ట్ హెల్త్ తో. 2020లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 4 లక్షల మంది సీమెన్ కాంట్రాక్టు అయిపోయినా దిగలేక ఓడల్లోనే ఉండిపోయారు, మన ఉత్తరాంధ్ర పిల్లలూ వాళ్ళలో ఉన్నారు. మీ సంఘం ఇప్పుడే అడగాల్సింది: మూసివేత సమయంలో సిబ్బంది మార్పుకి వైజాగ్ రేవులో రాసిపెట్టిన పద్ధతి ఉందా, క్వారంటైన్ గదులు ఎక్కడ, ఖర్చు కంపెనీదా మనిషిదా. మా తమ్ముడికి నేను ఇదే చెప్పా.

ఏజెన్సీ సంస్థలు, పీహెచ్‌సీ డాక్టర్లు: పక్కింటి దారి, ఆలోచించకుండా. విదేశీ గ్రాంట్ వస్తదని దీన్ని పక్కన పెట్టకండి.

మెడికల్ కాలేజీ: పక్క రాష్ట్రం ఒకటి, బయటి దేశం ఒకటి, అంతకంటే వద్దు. మేడం అడిగితే ముందు కోరాపుట్ మెడికల్ కాలేజీ అన్నా, ఎందుకంటే మీ ఓపీలో కూర్చున్న రోగి అక్కడి నుంచే వచ్చాడు. రెండోది బయటి దేశమైతే అమెరికా కంటే థాయ్‌లాండ్, శ్రీలంక వైపు చూడమన్నా, మన ఎండ, మన దోమ, మన బడ్జెట్ వాళ్ళకి తెలుసు. దీనికి ఆవిడ ఒప్పుకోలేదు, ఫండింగ్ అక్కడ ఉండదన్నారు, అదీ నిజమే. ఫండింగే ముఖ్యమైతే పెద్ద దేశం యూనివర్సిటీతో వెళ్ళండి, ఎమర్జెన్సీలో మాత్రం వాళ్ళ మీద ఆధారపడకండి.

తయారీదారులు: సప్లై ఒప్పందం, కొనేవాళ్ళ దేశంలో స్టాక్ షరతుతో. నేరుగా ప్రభుత్వాలతో బేరం కష్టమైతే అక్కడి ఆసుపత్రుల సంఘాలతో చిన్నగా మొదలుపెట్టండి.

జిల్లా అధికారులు: ఏ ఒక్కటీ చాలదు. ఐహెచ్ఆర్ మెట్లు ఎలాగూ ఉన్నాయి, దానికింద పక్క జిల్లాలతో ఒక పేజీ ఒప్పందం, ఏడాదికి రెండు డ్రిల్స్. ఒక డ్రిల్ వర్షాలకి ముందు, ఇంకోటి అక్టోబర్ తుపానులకి ముందు.

## మొదలుపెట్టేవాళ్ళకి

పెద్ద ఎంఓయూ రాయకముందు ఒక పేజీ రాయండి. అందులో ఒక్క జబ్బు లేదా ఒక్క ప్రమాదం పేరు, ఇటు ఇద్దరు, అటు ఇద్దరు, ఏ లక్షణం ఎంతమందిలో కనిపిస్తే ఫోన్ చేయాలి, ఫోన్ ఎత్తకపోతే రెండో నంబర్ ఏది, చెప్పినందుకు ఎవరి మీదా చర్య ఉండదు అన్న వాక్యం, దాని కింద ఇద్దరు పై అధికారుల సంతకం. ఆ తర్వాత ఒక ఆదివారం తెల్లవారుజామున చెప్పకుండా ఆ నంబర్ కి ఫోన్ చేసి చూడండి.

నంబర్ మనిషిది పెట్టకండి, కుర్చీది పెట్టండి. మొన్న వర్షాకాలం ముందు మళ్ళీ ముంచంగిపుట్టు వెళ్తే ఆ ఏఎన్ఎంకి మైదానం వైపు బదిలీ అయిపోయింది, కొత్తగా వచ్చిన అమ్మాయికి ఒడియా సిస్టర్ ఎవరో తెలియదు, నంబర్ పాతావిడ సొంత ఫోన్ తోనే వెళ్ళిపోయింది. పాతావిడకి ఫోన్ చేసి నంబర్ తీసుకుని, ఆ అమ్మాయి చేత నా ముందే ఫోన్ చేయించా. అవతల నుంచి మొదట అనుమానంగా "కౌన్" అని వినపడింది, తర్వాత ఏ ఊరు, ఏ సెంటర్ అని అడిగింది, తర్వాత ఇద్దరూ సంత గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ సబ్ సెంటర్ కి ఆఫీసు సిమ్ ఒకటి ఇప్పించమని జిల్లా ఆఫీసులో అర్జీ పెట్టాం, నెలకి రెండొందల రీఛార్జ్. ఇంకా రాలేదు, వచ్చే సోమవారం మళ్ళీ వెళ్తున్నా.